పది నెలల అద్దె

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మాది గుణుపురం. మా మనవరాలు ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న ఫోన్లో ఏదో వీడియో చూసి వచ్చి, "అమ్మమ్మా, అలెగ్జాండర్ వాళ్లమ్మ మొగుణ్ణి చంపించిందట, పాముల్ని పక్కలో వేసుకుని పడుకునేదట. ఆవిడ మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. ఆవిడ పేరు ఒలింపియాస్ అని కూడా అదే చెప్పింది, నాకు తెలీదు. ఆవిడ నిజంగా రాజ్యం నడిపిందా, కొడుకు పేరు చెప్పుకుని బతికిందా? వివరంగా రాయండి. పిల్లకి తెలుగు చదవడం రాదు, నేనే చదివి వినిపిస్తాను.
– ఒక అమ్మమ్మ, గుణుపురం

జవాబు: అమ్మా, ముందు నా తప్పొకటి ఒప్పుకోనివ్వండి. పర్లాకిమిడిలో ఇరవై తొమ్మిదేళ్లు చరిత్ర పాఠం చెప్పాను. అందులో ఇరవయ్యేళ్లు "అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్‌ని పెళ్లామే చంపించింది" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. పిల్లలు ఏ తారీకూ గుర్తుపెట్టుకోరు గానీ ఇలాంటి మాట మాత్రం మర్చిపోరు. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక గుంట లేచి, "ఎవరు చూశారు టీచర్?" అంది. పెంకిఘటం అనుకుని కూర్చోబెట్టేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే తేలిందేమిటంటే, చూసినవాళ్లు ఎవరూ లేరు.

హంతకుడు పారిపోవడానికి ఒలింపియాస్ గుర్రాలు సిద్ధం చేయించిందని, వాడి శవం కొయ్యకి వేలాడుతుంటే రాత్రికి రాత్రి వెళ్లి తలకి బంగారు కిరీటం పెట్టిందని రాసినవాడు జస్టిన్. హత్య జరిగిన కొన్ని వందల ఏళ్లకి లాటిన్లో చరిత్రని కుదించి రాసినవాడు. మరి ఆ కాలంలోనే, ఆ రాజకుటుంబాన్ని దగ్గర్నుంచి ఎరిగిన మనిషి ఒకడున్నాడు: అరిస్టాటిల్, అలెగ్జాండర్‌కి చదువు చెప్పినవాడు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. అట్టాలస్ అనే సేనాని మనుషులు తనని అవమానిస్తే రాజు పట్టించుకోలేదని పాసానియస్ అనే అంగరక్షకుడు ఫిలిప్‌ని పొడిచాడు, అంతే. అందులో ఒలింపియాస్ ఊసే లేదు. ఆవిడ నిర్దోషి అని నేననను. సాక్ష్యం లేదంటాను. మీ మనవరాలికి ముందు ఈ ముక్క చెప్పండి.

ఇక అసలు విషయం. ఆవిడ బలం కొడుకుతో మొదలవలేదు, పుట్టింటితో మొదలైంది. ఆవిడది ఎపిరస్. ఇప్పటి గ్రీసుకి వాయవ్య మూల, అల్బేనియా సరిహద్దు పక్కన కొండల దేశం. అక్కడి మొలోసియన్ల రాజు నియోప్టోలెమస్ కూతురు. ట్రాయ్ యుద్ధంలో పోరాడిన అకిలీస్ వంశం మాది అని వాళ్లు చెప్పుకునేవారు. దక్షిణాన ఉన్న గ్రీకులకి మాత్రం ఈ కొండవాళ్లంటే చులకన. సగం అనాగరికులు, భాష సరిగా రాదు అన్నట్టు చూసేవారు. శ్రీకాకుళం పెళ్లిళ్లకి వెళ్తే మన తెలుగు విని చుట్టాలు ముసిముసిగా నవ్వుతారే, అలాగన్నమాట. సరిహద్దు జిల్లాలో పుట్టినదానిగా ఇక్కడే నాకు ఆవిడ మీద మొదటి అభిమానం పుట్టింది, దాచను.

క్రీ.పూ. 357లో మాసిడోనియా రాజు రెండో ఫిలిప్‌తో పెళ్లయింది. మర్నాటి ఏడు అలెగ్జాండర్ పుట్టాడు, ఆ తర్వాత క్లియోపాత్రా అని ఒక ఆడపిల్ల. సమోత్రాకీ దీవిలో రహస్య దీక్ష తీసుకునే వేళ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇష్టపడ్డారని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అయి ఉండొచ్చు. కానీ ఫిలిప్ పెళ్లిళ్లు ఏడు. ఒక్కో యుద్ధానికి ఒక్కో పెళ్లి చేసుకున్నాడని పాతకాలంలోనే ఒకాయన ఎగతాళిగా రాశాడు. పొరుగు రాజ్యాలతో పొత్తు కోసం చేసుకున్నవి. అన్ని సవతుల మధ్య ఆవిడ పైన నిలవడానికి రెండు కారణాలు: చురుకైన మగపిల్లాడు, వెనక నిలబడే పుట్టిల్లు.

పాముల సంగతి కూడా ప్లూటార్క్ చెప్పిందే. డయోనిసస్ దేవుడి పూజలో పెద్దపెద్ద మచ్చిక పాముల్ని తెచ్చేదని, అవి ఐవీ తీగల్లోంచీ బుట్టల్లోంచీ తలలెత్తి చూస్తే మగవాళ్లు హడలిపోయేవాళ్లనీ. నాగుల చవితినాడు చిమ్మిలి ముద్దలు పట్టుకుని పుట్ట దగ్గర కూర్చునే మన ఆడవాళ్లని ఏమీ తెలియని పరదేశి చూస్తే ఏం రాస్తాడో ఊహించుకోండి.

ఇప్పుడు ఆ హత్య జరిగిన పెళ్లి. ఇది మన తెలుగువాళ్లకి అర్థమైనంత సులువుగా తెల్లవాళ్ల పుస్తకాలు చదివేవాళ్లకి అర్థం కాదు. క్రీ.పూ. 337లో ఫిలిప్ ఏడో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు మాసిడోనియా పిల్లే, అట్టాలస్ మేనకోడలు. విందులో అట్టాలస్ తాగి, "ఇక మన రాజ్యానికి అసలైన వారసుడు పుట్టాలి" అన్నాడు. అలెగ్జాండర్ చేతిలో గిన్నె వాడి మొహాన కొట్టాడు. ఫిలిప్ కత్తి దూసి కొడుకు మీదికి లేచి, తాగిన కాళ్లు తడబడి బోర్లా పడ్డాడు. "యూరప్ నుంచి ఆసియాకి దాటుతానంటున్నాడు, ఈ మంచం నుంచి ఆ మంచానికి దాటలేకపోయాడు చూడండి" అన్నాడు కొడుకు. తల్లిని తీసుకుని ఎపిరస్ వెళ్లి దింపేశాడు. మొగుడూ కొడుకూ కొట్టుకుంటే ఆడపడుచు పుట్టింటికొచ్చి కూర్చోవడం, ఆ ఇల్లు రాజుగారిదైతే ఏమవుతుందో వేరే చెప్పాలా? అప్పుడు ఎపిరస్ రాజు ఆవిడ తమ్ముడే, అతని పేరూ అలెగ్జాండరే.

ఫిలిప్ ఏం చేశాడంటే, ఆ బావమరిదికి తన కూతుర్నే ఇచ్చాడు. అంటే ఒలింపియాస్ కూతుర్ని ఒలింపియాస్ తమ్ముడికి. మేనమామ, మేనకోడలు!

పాఠంలో ఇది చెప్తుంటే మా స్టాఫ్ రూంలోని ఒడియా టీచర్ ఒకావిడ నోటి మీద చెయ్యేసుకుంది. "మామూతో పెళ్లా!" అని. వాళ్లలో లేదు కదా. నేను నవ్వి, మా అక్కని కూడా మేనమామకే ఇచ్చారన్నాను. మళ్లీ ఆవిడే పుస్తకం తిరగేసి ఇంకోటి పట్టుకుంది: ఒలింపియాస్ సొంత తోబుట్టువు ట్రోయాస్‌ని వాళ్ల నాన్న తమ్ముడు అరిబ్బాస్‌కి ఇచ్చి చేశారు. బాబాయితో పెళ్లి! ఈసారి నోరు మూసుకోవడం నా వంతయింది.

మేనరికం ఎందుకు కలుపుతారో మనకి తెలుసు. ఆడపడుచు అత్తింటికి వెళ్లినా దారి మూసుకుపోకూడదని. ఫిలిప్ అదే దారిని తిప్పి వాడుకున్నాడు. ఇక బావమరిదికి అక్కతో పనిలేదు, నేరుగా మామగారే ఉన్నాడు. పుట్టింటి తలుపు ఆవిడ మొహాన అలా వేసేశాడు, చేతికి మట్టి అంటకుండా. క్రీ.పూ. 336లో ఐగాయ్ అనే పాత రాజధానిలో ఆ పెళ్లి. పన్నెండు మంది దేవతల విగ్రహాలని ఊరేగించి, పదమూడోదిగా తన విగ్రహం పెట్టించుకుని, తెల్లబట్టలతో నాటకశాలలోకి నడుస్తుండగా పాసానియస్ పొడిచాడు.

ఆ తర్వాత మాత్రం ఆవిడ చేసినదానికి నేను వకాల్తా పుచ్చుకోను. ఏడో భార్యనీ, ఆవిడ ఒళ్లో పసిబిడ్డనీ చంపించింది. ఎలా చంపించిందో ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు, పిల్లకి వినిపించే జవాబులో అవన్నీ వద్దు. అలెగ్జాండర్‌కే కోపం వచ్చిందట. అదే సమయంలో అలెగ్జాండర్ తన పెదనాన్న కొడుకు అమింటాస్‌ని చంపించాడు. దాన్ని మాత్రం పుస్తకాలు "సింహాసనం పదిలం చేసుకున్నాడు" అని రాస్తాయి. నేనూ బోర్డు మీద అలాగే రాసేదాన్ని.

క్రీ.పూ. 334లో కొడుకు ఆసియా మీదికి వెళ్లాడు, మళ్లీ తల్లీకొడుకులు చూసుకోలేదు. మిగిలినవి ఉత్తరాలు. మాసిడోనియాని చూసుకోమని యాంటిపేటర్ అనే ముసలి సేనానిని పెట్టి వెళ్లాడు. ఆవిడకీ ఆయనకీ క్షణం పడేది కాదు. ఆయన మీద ఈవిడ, ఈవిడ మీద ఆయన, ఇద్దరూ రాసేవారు. నీ స్నేహితులకి దోచి పెట్టి వాళ్లని రాజులతో సమానం చేస్తున్నావు, నీకు ఎవరూ మిగలరు అని కూడా ఆవిడ హెచ్చరించింది. తప్పేమీ చెప్పలేదు సుమా, ఆ "స్నేహితులే" తర్వాత రాజ్యాన్ని ముక్కలు చేసుకున్నారు. ఒకసారి ఆమె ఉత్తరం తెరిచి ఉంటే అతని ప్రాణస్నేహితుడు హెఫయిస్టియాన్ పక్కనుంచి చదివేశాడట. అలెగ్జాండర్ ఏమీ అనకుండా తన ముద్ర ఉంగరం తీసి అతని పెదవులకి ఆనించాడు.

యాంటిపేటర్ చాంతాడంత ఫిర్యాదు రాస్తే, "తల్లి ఒక్క కన్నీటి చుక్క ఇలాంటి పదివేల ఉత్తరాల్ని తుడిచేస్తుందని ఈయనకి తెలీదు" అన్నాడట. అదే కొడుకు ఇంకోసారి విసుక్కున్నాడు: "పది నెలలు కడుపులో చోటిచ్చినందుకు మా అమ్మ భారీ అద్దే వసూలు చేస్తోంది." మనం నవమాసాలంటాం, వాళ్లకి పది. రెండు మాటలూ ఒకే కొడుకువి. కొడుకులున్నవాళ్లకి దీనిమీద నేను వ్యాఖ్యానం రాయనక్కర్లేదు.

కొడుకు పేరు చెప్పుకుని బతికిందా అని అడిగారు. దీనికి రాతి సాక్ష్యమే ఉంది. క్రీ.పూ. 331 ప్రాంతంలో ఆవిడ మాసిడోనియా వదిలి ఎపిరస్ వెళ్లిపోయింది. తమ్ముడు ఇటలీ యుద్ధంలో పోయాడు. ఎపిరస్ వ్యవహారాలు తల్లీకూతుళ్ల చేతికొచ్చాయి. ఆ ఏళ్లలోనే గ్రీసు అంతటా కరువు. ఇప్పటి లిబియాలో ఉన్న సైరీన్ నగరం ఎవరెవరికి ఎంత ధాన్యం పంపిందో రాతి మీద చెక్కించుకుంది. ఏథెన్స్‌కి లక్ష మెడిమ్నాలు. ఒలింపియాస్‌కి 60,000. క్లియోపాత్రాకి 50,000. మళ్లీ ఒలింపియాస్‌కి 12,600. ఆ జాబితాలో మిగతావన్నీ ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఈ ఇద్దరు ఆడవాళ్లవే. ఏథెన్స్ కొలతలో ఒక మెడిమ్నం అంటే ఒక మనిషికి నలభై ఎనిమిది రోజుల తిండి. ఆ లెక్కన 60,000 అంటే దాదాపు ఎనిమిది వేలమందికి ఏడాది గ్రాసం. 1866 నాటి నాంక కరువు కబుర్లు మా నాయనమ్మ తన అత్తగారి దగ్గర విని మాకు చెప్పేది. రాజుల పేర్లు ఒక్కటీ ఆవిడకి గుర్తులేవు, ఏ ఇంటివాళ్లు కుంచాలు కొలిచి గింజలు పోశారో మాత్రం వరసగా చెప్పేది. ఒలింపియాస్‌కి పాముల పేరే మిగిలింది, గింజల పేరు మిగల్లేదు.

క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో అలెగ్జాండర్ పోయాడు. వెనక మిగిలినవాళ్లు మతి స్థిమితం లేని సవతి సోదరుడు అర్హిడియస్, భార్య రోక్సానా, తండ్రి పోయాక పుట్టిన పసివాడు. 319లో యాంటిపేటర్ పోతూ, రాజ్యంలో ఆడదాన్ని ఎప్పుడూ పైకి రానివ్వొద్దని చెప్పి పోయాడట. ఎవర్ని ఉద్దేశించి అన్నాడో అందరికీ తెలుసు. ఆయన తర్వాత వచ్చిన పాలిపెర్కాన్ మాత్రం, వచ్చి మనవడి బాధ్యత తీసుకోండి అని ఆవిడనే పిలిచాడు. తొందరపడొద్దు, ఎపిరస్‌లోనే ఉండండి అని అలెగ్జాండర్ దగ్గర కార్యదర్శిగా చేసిన యూమెనెస్ సలహా ఇచ్చాడు. రెండేళ్లు ఆగింది కూడా. 317లో ట్రోయాస్ కొడుకు, అప్పటి ఎపిరస్ రాజు ఐయాకిడీస్ సైన్యంతో బయల్దేరింది. ఎదురుగా అర్హిడియస్ భార్య అడియా యూరిడికే, ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండని పిల్ల, సైనికుడిలా కవచం తొడుక్కుని వచ్చింది. ఒలింపియాస్ డయోనిసస్ పూజారిణిలా డప్పులతో నడిచిందట. ఇద్దరు ఆడవాళ్ల మధ్య జరిగిన మొదటి యుద్ధం ఇదేనని ఒక గ్రీకు రచయిత రాశాడు. యుద్ధం అని పేరేగానీ దెబ్బ పడలేదు. అలెగ్జాండర్ తల్లిని చూడగానే అవతలి సైన్యం ఇటు వచ్చేసింది.

అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేదో! అర్హిడియస్‌ని చంపించింది. ఆ పిల్లకి కత్తి, ఉరితాడు, విషం పంపి ఏదో ఒకటి ఎంచుకోమంది. ఇవే కానుకలు నీకూ అందాలి అని శపించి, ఆ పిల్ల తన నడికట్టుతో ఉరి వేసుకుంది. యాంటిపేటర్ కొడుకు కసాండర్ మీద కక్షతో అతని తమ్ముణ్ణి, అతని వైపు మనుషులు వందమందిని చంపించింది. ఇంకో తమ్ముడి సమాధి తవ్వించింది. గెలిచిన కొన్ని వారాల్లోనే జనం మొహం తిప్పేసుకున్నారు.

కసాండర్ వచ్చి ముట్టడిస్తే పిడ్నా అనే సముద్రపు కోటలో చిక్కుకుంది. కోడలు రోక్సానా, ఆరేళ్ల మనవడు, కొంత సైన్యం, కొన్ని ఏనుగులు కూడా లోపలే. చలికాలం. సైనికుడికి నెలకి ఐదు ఖోయినిక్సుల గింజలు. ఖోయినిక్స్ అంటే మన శేరుకి కాస్త అటూ ఇటూ, ఒక మనిషికి ఒక రోజు గ్రాసం. అంటే ఐదు రోజుల తిండితో ముప్పై రోజులు గడపాలి. ఏనుగులకి రంపపు పొట్టు పెట్టారు. గజపతి జిల్లాలో ఉండేదాన్ని, కొండ దిగిన ఏనుగు ఒక్క రాత్రిలో ఎంత చేను మేస్తుందో ఎరుగుదును. ఆ గొంతులో కొయ్యపొట్టు! ఏనుగులు చచ్చాయి. గుర్రాల్నీ బరువు మోసే పశువుల్నీ కోసుకు తిన్నారు. ఆ తర్వాత కొందరు ఏం తిన్నారో కూడా గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు, నేను రాయను. వసంతకాలం దాకా లాగి, ప్రాణానికి హాని చెయ్యనని మాట తీసుకుని తలుపు తెరిచింది.

కసాండర్ ఆ మాట నిలుపుకోలేదు. ఆవిడ లేకుండానే సభ పెట్టి శిక్ష వేయించాడు. ఓడ ఇస్తాను, ఏథెన్స్ పారిపొమ్మని కబురు పెట్టాడు. దారిలో ముంచేద్దామనో, తప్పు ఒప్పుకున్నట్టవుతుందనో. పారిపోను, మాసిడోనియన్లందరి ముందూ నన్ను విచారించండి అంది. చంపడానికి రెండువందల మంది సైనికులు వెళ్లి, ఎదురుగా ఆవిడ నిలబడితే చెయ్యెత్తలేక తిరిగొచ్చేశారు. చివరికి ఆవిడ చంపించినవాళ్ల చుట్టాల్నే పంపారు. ఆడదానిలా ఒక్క మాట కూడా బతిమాలలేదని డయోడోరస్ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు చూశారా!

మంచిదా చెడ్డదా అన్న మాటకి, అమ్మా, నా దగ్గర ఒక్క ముక్క జవాబు లేదు. మనవరాలితో ఇంకోటి చెప్పండి. ఆ కసాండర్ తర్వాత రోక్సానానీ ఆ పిల్లాణ్ణీ చంపించాడు. ఫిలిప్ కూతురు థెస్సలోనికేని పెళ్లాడి ఆవిడ పేరు మీద ఊరు కట్టించాడు. అది ఇప్పుడు గ్రీసులో రెండో పెద్ద నగరం. అతని మీద వీడియోలు ఎన్ని ఉన్నాయో వెతకమనండి.

ప్రశ్న: మీరు అప్పుడప్పుడు రాసే ఒలింపియాస్ కూతురు క్లియోపాత్రా, ఈజిప్టు క్లియోపాత్రా ఒకరేనా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కాదు. ఈజిప్టు ఆవిడ ఏడో క్లియోపాత్రా, చనిపోయింది క్రీ.పూ. 30లో. ఇద్దరి మధ్యా దాదాపు మూడొందల ఏళ్లు. మన ఇళ్లలో నూకాలమ్మలూ అప్పలనర్సమ్మలూ ఎంతమందో మాసిడోనియా రాజుల ఇళ్లలో క్లియోపాత్రాలు, యూరిడికేలు అంతమంది. ఏడో క్లియోపాత్రా వంశానికి మూలపురుషుడు టాలెమీ, అలెగ్జాండర్ సేనాని. ఆ లెక్కన ఊరొకటే, ఇల్లు వేరు.

ప్రశ్న: అలెగ్జాండర్ మన కళింగం దాకా రాలేదు కదా. అతని తల్లి గోల మనకెందుకు టీచర్? మన ప్రాంతంలో వాళ్లకి సంబంధించిన గుర్తు ఒక్కటైనా ఉందా?
– ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, బరంపురం

జవాబు: ఉండాల్సింది, లేదు. ఎక్కడ లేదో చూపిస్తాను, మీకు దగ్గరే. రుషికుల్య ఒడ్డున పురుషోత్తంపురం పక్కన జౌగడ. అశోకుడి శాసనాల కొండరాయి ఉందక్కడ. మిగతా చాలా చోట్ల పద్నాలుగు శాసనాలు వరసగా ఉంటాయి. జౌగడలో పది అయ్యాక పదకొండు, పన్నెండు, పదమూడు ఉండవు, నేరుగా పద్నాలుగు, ఆపైన ఈ ప్రాంతం కోసం వేరుగా రాయించిన రెండు. ఆ పదమూడోదాంట్లోనే కళింగ యుద్ధం లెక్క ఉంది: లక్షన్నర మంది చెర, లక్షమంది చావు. దెబ్బ తిన్నవాళ్ల వాకిట్లో ఆ లెక్క చెక్కించడానికి మనసొప్పలేదు కాబోలు. దాంతోపాటే అందులో ఉన్న ఐదుగురు యవన (అంటే గ్రీకు) రాజుల పేర్ల వరస కూడా మనకి పోయింది. ఐదింటిలో ఒకటి "మగ", ఒలింపియాస్‌కి గింజలు పంపిన ఆ సైరీన్‌కి రాజు. ఇంకోటి "అలికసుదర". కొందరు కొరింథ్ ఏలిన అలెగ్జాండర్ అంటారు. మరికొందరు ఎపిరస్ రాజు రెండో అలెగ్జాండర్ అంటారు. ఈ రెండోదే నిజమైతే అతను ఐయాకిడీస్ మనవడు, అంటే ఒలింపియాస్ తోబుట్టువు మునిమనవడు. ఆవిడ పుట్టింటి పేరు బ్రాహ్మీ అక్షరాల్లో మన దేశం రాళ్ల మీదికి ఎక్కినట్టే.

మన కళింగంలో లేని ఆ పదమూడో శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద ఉంది. జౌగడ మూడుసార్లు చూశాను. మూడోసారి మా ఒడియా టీచర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను, ఖాళీ ఎక్కడ మొదలవుతుందో ఇద్దరం గీతలు లెక్కపెట్టుకుంటూ వెతికాం. ఎర్రగుడి ఇంకా చూడలేదు. మోకాళ్లు సహకరిస్తే ఈ సంక్రాంతి వెళ్లాక, బరంపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని గుత్తి వైపు వెళ్లాలనుంది. రైల్వే మనిషి కదా, రిజర్వేషన్ సంగతి మీరు చెప్పండి.